లాప్‌ల్యాండ్‌లో చలికాలం సీజన్ ఉద్యోగం ఎలా పట్టాలి? జీతం కంటే ముందు మంచం సంగతి అడగండి

ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న మనవాళ్లు ఏటా డిసెంబర్ మొదటి వారంలో, ఎవరో పెట్టిన మంచు ఫొటోలు చూసి, "అన్నా, రోవనియెమిలో ఏదైనా పని దొరుకుతుందా?" అని మెసేజ్ పెడతారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయి ఉంటుంది. రోవనియెమి అంటే ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్‌ల్యాండ్‌కు ముఖ్య పట్టణం. అక్కడ క్రిస్మస్ సీజన్ మొదలయ్యేది నవంబర్ నెలాఖరులోనే అయినా, మనుషుల్ని వెతుక్కోవడం మాత్రం ఎండాకాలంలో మొదలై అక్టోబర్‌కల్లా చాలావరకు అయిపోతుంది. నేను అక్కడ రెండు చలికాలాలు పనిచేశాను, ఒకటి టూరిస్టులకు చలి బట్టలు ఇచ్చే గదిలో, ఇంకొకటి ఎయిర్‌పోర్ట్ నుంచి హోటళ్లకు జనాన్ని చేర్చే పనిలో. మొదటి ఏడాది అన్నీ తలకిందులుగా చేశాను కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్నది బాగానే తెలిసొచ్చింది.

మొదటి పని: మీకు ఎంత పనిచేసే హక్కు ఉందో చూసుకోండి

స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు వారానికి సగటున 30 గంటలు పనిచేయొచ్చు. సగటు అన్న మాటే ఇక్కడ ముఖ్యం, దాన్ని క్యాలెండర్ సంవత్సరం మొత్తం మీద తీస్తారు, అందుకని క్లాసులు లేని క్రిస్మస్ రోజుల్లో 40 గంటలు చేసినా మిగతా వారాల్లో తక్కువ చేసి ఉంటే ఇబ్బంది రాదు. కానీ గంటలు ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోండి, తర్వాత పర్మిట్ పొడిగించుకునేటప్పుడు గుర్తు చేసుకుంటూ కూర్చోవడం టెన్షన్.

ఇండియా నుంచి నేరుగా వెళ్దామనుకునేవాళ్ల దారి వేరు. 90 రోజుల లోపు పనికి సీజనల్ వర్క్ వీసా ఉంటుంది, అంతకు మించితే తొమ్మిది నెలల వరకు సీజనల్ పని కోసమే ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్ ఉంటుంది. ఏదైనా ముందు అక్కడి యజమాని ఉద్యోగం ఇస్తానని చెప్పాలి, కాగితాలన్నీ ఆ తర్వాతే. నిజం చెప్పాలంటే హోటల్ గదులు సర్దే పనికి హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపించుకునే కంపెనీలు తక్కువే, యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్లు ఏ పర్మిట్ లేకుండా వచ్చి చేరిపోతుంటే వాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు? ఎవరైనా ఏజెంట్ "లాప్‌ల్యాండ్ జాబ్ గ్యారంటీ, ఇన్ని లక్షలు" అంటే అక్కడే ఆగిపోండి. పని ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఫిన్లాండ్ చట్టం ప్రకారం నేరం.

రెండో పని: ఏ పనికి వెళ్తారో తేల్చుకోండి

అందరికీ హస్కీ కుక్కల బండి, స్నోమొబైల్ సఫారీ గైడే కావాలి. ఆ పని బాగుంటుంది, కాదనను, కానీ మంచు మీద అనుభవం లేనివాడికి పదిమంది టూరిస్టుల ప్రాణాలు అప్పజెప్పరు కదా. కుక్కల ఫామ్‌లో అయితే పొద్దున్నే పారతో పెంట ఎత్తడంతో రోజు మొదలవుతుంది, ఆ సంగతి ఫొటోల్లో కనిపించదు.

మనవాళ్లకు తేలిగ్గా దొరికేవి వేరే ఉన్నాయి. గదులు సర్దడం, అంట్లు, కిచెన్ సాయం, బట్టల గది, ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు ఎక్కించడం దించడం, బోర్డు పట్టుకుని నిలబడి టూరిస్టులను బస్సు ఎక్కించే ట్రాన్స్‌ఫర్ పని. గదులు సర్దడం అంటే చులకనగా చూడకండి, నెల మొత్తం గంటలు నికరంగా దొరికేది ఎక్కువగా అందులోనే.

డ్రైవింగ్ మీద ఆశ ఉంటే కాస్త ఆగి వినండి. మామూలు కారు లైసెన్సుతో డ్రైవర్ కాక ఎనిమిది మంది పట్టే వ్యాన్ నడపొచ్చు. కానీ డబ్బు తీసుకుని జనాన్ని తిప్పాలంటే టాక్సీ డ్రైవర్ పర్మిట్ విడిగా కావాలి, దానికి పరీక్ష రాయాలి. పెద్ద బస్సుకైతే వేరే లైసెన్సు, దాని మీద వృత్తి శిక్షణ కూడా. ఇండియా లైసెన్సు అక్కడ ఎంతకాలం చెల్లుతుంది, దాన్ని మార్చుకోవాలా అన్నది ట్రాఫికోమ్ అనే రవాణా శాఖ వెబ్‌సైట్‌లో మీ పరిస్థితిని బట్టి చూసుకోండి, సీనియర్లు చెప్పింది నమ్మకండి, నేను చెప్పింది కూడా. వైజాగ్ ఘాట్ రోడ్డులో పదేళ్లు నడిపాను అన్న ధైర్యం గాజులా మెరిసే రోడ్డు మీద పనికిరాదు. ఇంకోటి, రెయిన్‌డీర్లు రోడ్డు మధ్యలో మన ఊరి గేదెల్లాగే తీరిగ్గా నిలబడతాయి, ప్రతిదానికీ ఓ యజమాని ఉంటాడు, పొరపాటున గుద్దితే 112కి ఫోన్ చేసి చెప్పాల్సిందే.

మూడో పని: జూన్, జులైలోనే దరఖాస్తు పెట్టండి

త్యోమార్కినాతోరి అనే ప్రభుత్వం నడిపే ఉద్యోగాల వెబ్‌సైట్, దూనితోరి అనే ఇంకో ఉద్యోగాల వెబ్‌సైట్, వీటితో పాటు సఫారీ కంపెనీల, హోటళ్ల సొంత పేజీలు చూడండి. రోవనియెమి ఒక్కటే కాదు, లెవి, యల్లాస్, సారిసెల్కా కూడా వెతకండి. రోవనియెమిలో హడావుడంతా డిసెంబర్‌లో ఉంటుంది, స్కీయింగ్ ఊళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊపందుకుని ఏప్రిల్ దాకా సాగుతుంది. మీ పరీక్షలు ఎప్పుడో చూసుకుని దాన్ని బట్టి ఊరు ఎంచుకోండి.

సీవీ ఒక పేజీ చాలు. మీ బీటెక్ ప్రాజెక్టు గురించి అక్కడ ఎవరికీ పట్టదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉంటాను, మధ్యలో ఇన్ని రోజులు పరీక్షలకు కావాలి, ఈ భాషలు వచ్చు, లైసెన్సు ఉంది లేదా లేదు, ఇవి పైనే రాయండి. హిందీ, తెలుగు వచ్చని కూడా రాయండి, మనవైపు నుంచి వచ్చే కుటుంబాలు ఉంటాయి, నాకు రెండో ఏడాది పని దొరకడంలో అది కాస్త సాయపడింది.

నాలుగో పని: మంచం, గంటలు

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతావి ఎలాగో సర్దుకుపోతాయి.

డిసెంబర్‌లో రోవనియెమిలో ఖాళీగా ఉన్న ప్రతి గదినీ టూరిస్టులకు రోజు అద్దెకు ఇస్తారు. నెల అద్దెకు గది వెతుక్కుందాంలే అని రైలెక్కితే అంతే సంగతులు. అందుకని ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగే ముందు స్టాఫ్ ఇల్లు ఉందా అని అడగండి. ఉందంటే అక్కడితో ఆగకండి. గదికి ఎంతమంది, అద్దె జీతంలోంచి కోస్తారా, వంట చేసుకోవడానికి పొయ్యి ఉందా, పని చోటికి ఎంత దూరం, రాత్రి పదకొండుకి షిఫ్ట్ అయిపోతే తిరిగి ఎలా రావాలి, కాంట్రాక్ట్ అయ్యాక ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి. శాంటా క్లాజ్ విలేజ్ ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది, పగలు బస్సులుంటాయి, మైనస్ 25లో అర్ధరాత్రి ఆ ఎనిమిది కిలోమీటర్లు ఎంత పొడుగో నడిచినవాడికే తెలుసు.

తర్వాత గంటలు. ఫిన్లాండ్ చట్టంలో కనీస వేతనం అంటూ లేదు, ఒక్కో రంగానికి యూనియన్లు, యజమానులు కలిసి రాసుకున్న ఒప్పందం ఉంటుంది, గంటకు ఎంత, సాయంత్రానికి ఎంత అదనం అన్నీ అందులోనే ఉంటాయి, ఆదివారం పనికైతే రెట్టింపు జీతం చట్టంలోనే ఉంది. కాబట్టి గంట రేటులో మోసం కంటే గంటల సంఖ్యలో దెబ్బ తినేవాళ్లే ఎక్కువ. నా మొదటి కాంట్రాక్టులో "వారానికి 0 నుంచి 30 గంటలు" అని ఉంది. నేను 30 చూశాను, సున్నా చూడలేదు! డిసెంబర్ అంతా ఊపిరాడని పని, జనవరి మొదటి వారం దాటి జనం తగ్గగానే రెండు వారాలకు కలిపి పదకొండు గంటలు రాసి చేతిలో పెట్టారు, అద్దె మాత్రం పూర్తిగా కోశారు. చట్టప్రకారం వాళ్లది తప్పేమీ కాదు, నేనే సంతకం పెట్టాను. అందుకే కనీసం ఇన్ని గంటలు అని కాగితం మీద రాయించుకోండి. ట్రయల్ పీరియడ్ కూడా చూడండి, ఇన్ని నెలలకే అని రాసిన కాంట్రాక్టులో అది మొత్తం కాలంలో సగానికి మించకూడదు.

ఐదో పని: కాగితాలు

త్వరగా చెప్పేస్తా. టాక్స్ కార్డు తీసుకుని మొదటి జీతానికి ముందే ఇచ్చేయండి, లేకపోతే జీతంలో 60 శాతం పన్ను కింద పట్టేస్తారు, తర్వాత తిరిగొస్తుందనుకోండి, కానీ ఆ నెల ఏం తింటారు? ప్యాక్ చేయని, త్వరగా పాడయ్యే తిండి ముట్టుకునే పని అయితే హైజీన్ పాస్ పరీక్ష ఉంటుంది, చేరిన మూడు నెలల్లోపు అది ఉండాలి, ముందే రాసేసి ఉంటే సీవీకి బరువు. బ్యాంక్ ఖాతా, ఫిన్లాండ్ వ్యక్తిగత నంబరు స్టూడెంట్లకు ఎలాగూ ఉంటాయి. హెల్సింకి నుంచి రాత్రి రైలు ఎక్కితే పొద్దున్నకు రోవనియెమి, డిసెంబర్ టికెట్లు ముందే కొనండి.

ఆరో పని: ఒంటిని సిద్ధం చేసుకోండి

బయట పనికి పైన వేసుకునే ఓవరాల్, బూట్లు కంపెనీలు చాలావరకు ఇస్తాయి, లోపలివి మనమే కొనుక్కోవాలి. ఒంటికి తగిలే పొర ఉన్నిది ఉండాలి, కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టి తడిస్తే అదే మిమ్మల్ని గడ్డకట్టిస్తుంది. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, బయట తీస్తే బ్యాటరీ నిమిషాల్లో పడిపోతుంది.

బట్టల గదిలో ఉన్నప్పుడు ఒకసారి గుంటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది, వాళ్లతో డెబ్భై ఏళ్ల పెద్దావిడ, చీరలోనే. చీర మీద ఓవరాల్ ఎలా వేయించాలో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ఆవిడ మాత్రం లోపల థర్మల్ ప్యాంటు వేసుకుని, చీర మోకాళ్ల పైకి చెక్కి, చక్కగా దూరిపోయింది. తర్వాత నా పేరు బిళ్ల చూసి, "తెలుగువాడివా నాయనా, ఈ బూట్లలో కాలు బిగుసుకుపోతోంది" అంది. "మూడు జతల సాక్సులు వేసుకున్నారు మామ్మగారూ, రెండు తీసేయండి, లోపల కాస్త గాలి ఆడితేనే వెచ్చగా ఉంటుంది" అన్నాను. మీరు కూడా అంతే, బూటు ఒక సైజు పెద్దది, సాక్సు ఒక్క మంచి ఉన్ని జత.

చలి కంటే చీకటే ఎక్కువ సతాయిస్తుంది. డిసెంబర్ మూడో వారంలో రోవనియెమిలో పగలు రెండు గంటలకు కాస్త ఎక్కువ, ఇంకా ఉత్తరాన ఉట్స్‌యోకిలో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడే రాడు. దీన్ని కామోస్ అంటారు. విటమిన్ డి మాత్రలు వేసుకోండి, సెలవు రోజున పడుకునే ఉండకుండా ఆ రెండు గంటల వెలుగులో బయట తిరగండి. అమ్మ వీడియో కాల్ చేసి "అదేంట్రా, మధ్యాహ్నం మూడింటికే రాత్రయిపోయిందా" అని కంగారుపడుతుంది, ముందే చెప్పి పెట్టుకోండి.

ఏడో పని: వెళ్లిపోయే ముందు

చివరి జీతంలో వాడుకోని సెలవుల డబ్బు కలిసిందో లేదో చూసుకోండి, తక్కువ రోజులు చేసినా అది మీకు రావాల్సిందే. పనిచేసినట్టు సర్టిఫికెట్ అడగండి, అడిగితే ఇచ్చి తీరాలి. స్టాఫ్ గది తాళం ఇచ్చే రోజున గది ఫొటోలు తీసి పెట్టుకోండి, గోడ మీద గీత మీది కాదని తర్వాత చెప్పడం కష్టం. ఇక మళ్లీ వెళ్లాలనుంటే మీ సూపర్‌వైజర్‌కు వెళ్లే రోజే చెప్పేయండి, మే నెలలో ఒక చిన్న మెయిల్ కూడా పెట్టండి. నా రెండో కాంట్రాక్ట్ అలా జూన్‌లోనే వచ్చింది, వారానికి కనీసం 20 గంటలు, ఇద్దరికి ఒక గది, పొయ్యితో సహా.