పసుపు గీత మీదే వెళ్తున్నాం కదా అనుకోవద్దు

పొగమంచూ సెలవుల రద్దీ ఒకేసారి వచ్చే రోజుల్లో గాల్లో కన్నా నేల మీదే టెన్షన్ ఎక్కువ. కాక్‌పిట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా వదిలించుకోవాల్సిన భ్రమ ఒకటుంది. ట్యాక్సీవే, అంటే రన్‌వేకీ గేటుకీ మధ్య విమానం నడిచే దారి, దాని మధ్యలో ఉండే పసుపు గీత చక్రాలకు దారి చూపిస్తుంది, అంతే. రెక్క చివర దేనికీ తగలదని అది హామీ ఇవ్వదు. మీ దారికి అడ్డంగా ఉన్న దారిలో ఇంకో విమానం తను ఆగాల్సిన గీత దాకా రాకుండా కాస్త వెనకే ఆగిందనుకోండి, దాని తోక మీ రెక్క దారిలోనే ఉండొచ్చు. కంట్రోల్ టవర్ ఇచ్చే క్లియరెన్స్ (వెళ్లమన్న అనుమతి) కూడా దారి ఇవ్వడమే, రెక్కకు చోటు కొలిచి ఇవ్వడం కాదు.

2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ఏ380 అనే భారీ విమానం రెక్క చివర తగిలి ఓ చిన్న జెట్ ఉన్నచోటే గిర్రున తిరిగింది. 2024 సెప్టెంబర్‌లో అట్లాంటాలో ఏ350 అనే పెద్ద విమానం రెక్క తగిలి ఇంకో చిన్న జెట్ తోక విరిగింది. ఏ380 రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు. ఇలాంటి చాలా పెద్ద విమానాల్లో సీట్లో కూర్చున్న పైలట్‌కు రెక్క చివర కనిపించనే కనిపించదు. పైగా రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి మలుపులో వాటి చివర అనుకున్నదానికన్నా బయటికి వెళ్తుంది.

అందుకే అనుమానం వస్తే ఆపేయండి. వెనక ఎన్ని విమానాలు క్యూలో ఉన్నా సరే. పక్కన చోటు చాలుతుందో లేదో చూసి చెప్పడానికి కింద మనిషిని అడగండి. కదులుతున్నప్పుడు పైలట్లు ఇద్దరూ ఒకేసారి తలలు దించి స్క్రీన్లు చూడకూడదు. విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు రెక్కల దగ్గర నిలబడాల్సిన మనిషి రాకపోతే, వచ్చేదాకా నెట్టొద్దు.

రన్‌వే దాటడం వేరే సంగతి, అక్కడ పొరపాటు ప్రాణాలు తీస్తుంది. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో పొగమంచులో దారి తప్పిన చిన్న విమానం, టేకాఫ్ తీసుకుంటున్న జెట్‌కు ఎదురైంది. 118 మంది పోయారు. నేల మీద విమానాల కదలికలు చూపించే రాడార్ అప్పుడు పనిచేయడం లేదు. రన్‌వే ముందు ఎర్ర లైట్లు వెలుగుతుంటే అక్కడ ఆగాల్సిన గీత దాటొద్దు. టవర్ ఆగమన్న మాటను రన్‌వే నంబరుతో సహా తిరిగి చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి, నామోషీ ఏమీ లేదు.

ప్రయాణికులకు చెప్పేది తక్కువే. విమానం గేటు దగ్గర పూర్తిగా ఆగేదాకా బెల్టు తీయొద్దు. దిగిపొమ్మని సిబ్బంది అరిస్తే పైనున్న బ్యాగుల జోలికి వెళ్లొద్దు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని కాలిపోతున్న ఏ350లోంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.