సంవాద ఫెలోషిప్‌పై అమెరికా వెళ్తున్న మన సరిహద్దు జిల్లాల పిల్లలకు

ఆంధ్ర-ఒడిశా సరిహద్దున ఉన్న బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం ప్రాంతాల నుంచి అమెరికా విశ్వవిద్యాలయాలకు వచ్చే మన తెలుగు పిల్లలలో ఎక్కువమంది కంప్యూటర్ చదువులకే వస్తారు కనుక, వారికి దారి చూపే అన్నలకూ అక్కలకూ కొదవ లేదు. సభ్యమైన సంవాదాన్ని, అంటే మర్యాద తప్పకుండా విభేదించుకుంటూ మాట్లాడుకోవడాన్ని, చరిత్ర, తత్వం, సాహిత్యం వంటి మానవీయ విద్యను ప్రోత్సహించే ఫెలోషిప్‌లలో చేరేవారు మాత్రం చాలా తక్కువ. ఈ మధ్య రాయగడ తమ్ముడొకడు అటువంటి దానిలో చేరి, కొన్ని వారాలకే "అన్నా, ఇది నా వల్ల కాదు, మానేస్తాను" అని ఫోన్ చేశాడు. చదవమన్న ప్రతి పేజీ చదివాడు, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీశాడు, అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నాడు. తీరా అందరి మధ్య కూర్చున్నాక నోరు తెరవలేదు. నా మొదటి నెలలు కూడా ఇంతకన్నా మెరుగ్గా ఏమీ గడవలేదు కనుక ఇది రాస్తున్నాను.

మీరు చేరబోయేది మార్కుల కోర్సు కాదు, డిబేట్ పోటీ అంతకన్నా కాదు. ప్రిన్స్‌టన్‌లో 2000లో మొదలైన జేమ్స్ మాడిసన్ ప్రోగ్రామ్, అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో 2017లో ఏర్పడిన పౌర, ఆర్థిక చింతన విభాగం ఈ కోవలోనివి. ఇటీవల మరికొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో కూడా ఇటువంటి కేంద్రాలు వెలిశాయి. వాటిలో కొన్నింటిని అక్కడి శాసనసభలే పూనుకొని పెట్టించినందువల్ల, వాటి రాజకీయ మొగ్గు ఎటువైపు అన్న వాదన క్యాంపస్‌లోనే నడుస్తూ ఉంటుంది. ఆ సంగతి తెలిసి వెళ్ళడం మంచిది. పద్ధతి మాత్రం చాలాచోట్ల ఒక్కటే: కొద్దిమంది విద్యార్థులు, ముందుగా చదివి రావలసిన కొన్ని పేజీలు, ఒక ప్రశ్న, తరచుగా కలిసి భోజనం. ప్రిన్స్‌టన్‌లో సంప్రదాయవాది రాబర్ట్ జార్జ్, వామపక్ష తత్వవేత్త కార్నెల్ వెస్ట్ ఒకే తరగతికి కలిసి పాఠం చెప్పారు. 2017లో భావస్వేచ్ఛపై ఉమ్మడి ప్రకటన కూడా చేశారు. మిమ్మల్ని పిలుస్తున్నది ఆ తరహాలో కలిసి కూర్చొని మాట్లాడుకోవడానికే.

డబ్బు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇది మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం చెప్పవలసిన విషయం, మీరు అడగవలసిన విషయం. ఫీజుకూ పుస్తకాలకూ పోగా చేతికి వచ్చే స్టైపెండ్‌పై పన్ను ఉంటుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసావారికి సాధారణంగా 14 శాతం ముందే పట్టుకొని, ఎంత పట్టుకున్నారో చూపే 1042-ఎస్ పత్రం మరుసటి మార్చిలో ఇస్తారు. మీరు 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను దాఖలు చేస్తే, భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో కొంత మొత్తాన్ని పన్ను లెక్కలోంచి తీసివేసే వెసులుబాటు, దొరుకుతుంది కనుక, పట్టుకున్నదానిలో ఎంతో కొంత తిరిగి రావచ్చు. ఫెలోషిప్‌లో భాగంగా చర్చలు నడిపించే పని గానీ, పరిశోధనలో సాయపడే పని గానీ అప్పగిస్తే, అది సెమిస్టర్ సమయంలో మీ వీసాపై చేసే పనికి ఉన్న వారానికి 20 గంటల పరిమితిలోకి వస్తుందో రాదో సంతకం పెట్టకముందే అడగండి. పెట్టాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన పిల్లలు అక్కడ రెండు విధాలుగా దెబ్బతింటారు. కొందరు మాస్టారు చెప్పేదాకా మాట్లాడరు. అక్కడి మాస్టారేమో మీరు మాట్లాడేదాకా చెప్పరు. మరికొందరు కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచి వచ్చినవారు. వారు అవతలివాడి మాట పూర్తికాకముందే మూడు పాయింట్లు లెక్కపెట్టి చెబుతారు. నిజం చెప్పాలంటే నాకు మొదటి రకంపై జాలి, రెండో రకంపై విసుగు.

ఒక ఉదాహరణ చూడండి. బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, 1852 జులై 5న రోచెస్టర్ పట్టణంలో, బానిసకు మీ స్వాతంత్ర్య దినోత్సవం ఏమిటని నిలదీస్తూ ప్రసంగించారు. ఆ ప్రసంగాన్ని చదివించి, "ఇందులో మీకు మింగుడుపడని వాక్యం ఏది?" అని అడిగారనుకోండి. మనవాడు ప్రసంగ సారాంశం అప్పజెబుతాడు. సారాంశం అక్కడ ఎవరికీ అక్కరలేదు, అందరూ చదివే వచ్చారు. అంతగా ఆగ్రహించిన మనిషి చివరికి అమెరికా రాజ్యాంగాన్ని ఎందుకు వెనకేసుకొచ్చాడు అని మీకు సందేహం కలిగితే, ఆ పేజీ తెరిచి, ఆ వాక్యం చదివి, సందేహాన్ని సందేహంగానే చెప్పండి. జవాబు సిద్ధంగా లేకపోతే నామోషీ ఏమీ లేదు. ఎవరితోనైనా విభేదించవలసి వస్తే, ముందు వారి మాటను వారే "అవును, నేను అన్నది అదే" అని ఒప్పుకొనేటట్టు తిరిగి చెప్పి, ఆ తరువాతే మీ అభ్యంతరం చెప్పండి. ఈ ఒక్క అలవాటు కోసం నేను మీ అందరినీ మళ్ళీ మళ్ళీ పోరుతాను, విసుక్కున్నా సరే.

ఇది మన గడ్డకు తెలియని విద్య కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మెత్తగా మాట్లాడే మనిషేమీ కాదు. అయినా గ్రాంథికవాదుల రచనలను వారి శిష్యులకన్నా శ్రద్ధగా చదివి, వారి వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు ఎత్తి చూపారు. సవర గిరిజనుల కోసం మాట్లాడకముందు సవర భాష నేర్చుకున్నారు.

మరొక్క ఇబ్బంది ఉంది. కులం గురించో మతం గురించో చర్చ వచ్చినప్పుడు అందరూ మీ వైపు చూస్తారు. మీరు యావద్భారతానికి వకాల్తా పుచ్చుకోకండి. గంజాం జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవారు తాము కళ్ళారా చూసినది చెబితే, అది దేశం మొత్తం మీద ఇచ్చే ఉపన్యాసం కన్నా ఎక్కువ పనికివస్తుంది. 1934 బీహార్ భూకంపం అస్పృశ్యతా పాపానికి శిక్ష అని గాంధీజీ అన్నప్పుడు ఠాగూర్ బహిరంగంగా ఖండించారు. గాంధీజీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే ప్రచురించి జవాబిచ్చారు. అటువంటివి మీ వెంట ఉంచుకోండి.

ఇంట్లోవారు వీసా గురించి భయపడతారు, అందులో తప్పులేదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా బహిరంగంగా ఉంచమని అడుగుతున్నారు. చాలా సెమినార్లలో చాతమ్ హౌస్ నియమం పాటిస్తారు: విన్న విషయాన్ని బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో మాత్రం చెప్పకూడదు. మీ దానిలో ఆ నియమం ఉందో లేదో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. నియమం ఉన్నా లేకపోయినా, గదిలో మాట్లాడినదంతా రాత్రికి సోషల్ మీడియాలో పెట్టే ఉబలాటం మానుకోండి.

సరే, ఇంత భయపెట్టాను కనుక ఇది కూడా చెప్పాలి. అక్కడ ధారాళంగా మాట్లాడే అమెరికన్ పిల్లలలో సగం చదవకుండా వచ్చినవారు ఉంటారు. కొంతకాలానికి మీకే తెలిసిపోతుంది. మీ ఉచ్చారణను ఎవరూ పట్టించుకోరు. రెండో సెమిస్టర్‌కు చాలామంది కుదుటపడతారు, రాయగడ తమ్ముడు కూడా మానలేదు. అప్పటిదాకా మాట పెగలకపోతే, సెమినార్‌కు ముందు రోజు ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్ళి, మీ ఒక్క ప్రశ్నను ఆయనకు వినిపించి రండి. ఆ సమయం మీలాంటివారి కోసమే పెట్టినది, ఆ తలుపు తట్టేవారు చాలా తక్కువ.