ఇంటి పనిశాల సర్దుకుందాం – 2వ పాఠం: అంతా బయటపెట్టి ఏరడం

పోయిన పాఠంలో షెడ్డు కొలతలు తీసుకున్నాం. గోడల బొమ్మ గీసుకున్నాం. ఏడాదిగా ఇంట్లో మన చేత్తో చేసుకున్న పనుల జాబితా రాసుకున్నాం. ఆ జాబితా చేతిలో పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి రాసేయండి. కుళాయి వాషర్ మార్చడం, ఫ్యాన్ కెపాసిటర్ వేయడం, వానాకాలంలో ఉబ్బిన తలుపును చిత్రిక పట్టడం, బండి చైన్ బిగించడం, గేటుకు రంగు వేయడం, ఇలా ఎంత చిన్న పనైనా సరే రాయాలి. ఏ వస్తువు ఉండాలో, ఏది పోవాలో ఈరోజు తేల్చేది ఆ కాగితమే.

ఇంకొక మాట. ర్యాకులు, ప్లాస్టిక్ డబ్బాలు, పెగ్‌బోర్డులు (పనిముట్లు తగిలించుకునే కన్నాల పలకలు) ఇప్పుడే కొనకండి. సర్దుదాం అనుకోగానే చాలామంది ముందు బజారుకు వెళ్తారు. కన్నాలున్న ఇనప పట్టీలతో బిగించే స్లాటెడ్ యాంగిల్ ర్యాకు ఒకటి తెచ్చి, నేల మీద ఉన్నదంతా అరల్లోకి ఎక్కిస్తారు. నేల కనబడుతుంది కాబట్టి పని అయిపోయినట్టే ఉంటుంది. కొన్నాళ్లకు నేల మళ్లీ నిండుతుంది, ఈసారి ర్యాకు కూడా అడ్డం. ఏం మిగులుతుందో తెలిశాకే అర ఎంత వెడల్పు ఉండాలో చెప్పగలం. అది 4వ పాఠంలో చూద్దాం.

ఎప్పుడు, ఎలా దిగాలి

దసరాకు ఆయుధపూజ చేసే ఇళ్లలో పనిముట్లు ఎలాగూ బయటికి తీసి, తుడిచి, బొట్టు పెడతారు. దాన్ని గడువుగా పెట్టుకోవడం మంచి పద్ధతి. అయితే పూజ ముందురోజు కాకుండా రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. అవి వానలు ఇంకా పోని రోజులు, కాబట్టి కింద పరచడానికి ఒక టార్పాలిన్, పైన కప్పడానికి ఇంకొకటి దగ్గర పెట్టుకోండి. ఎండాకాలంలో అయితే తెల్లవారగానే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయండి. ఆ తర్వాత రేకుల షెడ్డులో నిలబడలేం.

అంతా ఒక్కరోజే బయటపెట్టే జాగా లేకపోతే ఒక్కో గోడ చొప్పున చేయండి. కాకపోతే ఎంచుకున్న గోడ దగ్గర ఒక్క మేకు కూడా మిగలకుండా ఖాళీ చేసి, నేల, మూలలు ఊడ్చి, ఆ తర్వాతే పక్క గోడకు వెళ్లాలి.

చేతికి తోలు గ్లౌజులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. నెలల తరబడి కదలని గోనె సంచుల కింద, చెక్కల సందుల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి, ఊళ్లలో పాములు కూడా. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. గోడకు ఆనించిన చెక్క వెనక మట్టి గీతలు కనిపిస్తే చెదలు పట్టినట్టే. ఆ చెక్కను మిగతావాటితో కలపకుండా దూరంగా పెట్టండి. మీ షెడ్డుకు సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పొడి చీపురుతో పైకప్పు దులపకండి, రేకు ముక్కలు కోయకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా చేటు. బూజు తీయాల్సి వస్తే తడిగుడ్డతో తుడవండి, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి.

కుప్పలు పోసే పద్ధతి

ఇక్కడ నా పట్టుదల ఒకటి ఉంది. స్పానర్లన్నీ ఒకచోట, టేపులన్నీ ఒకచోట, జిగుర్లన్నీ ఒకచోట అని జాతుల వారీగా పోయకండి. పనిని బట్టి పోయండి. హార్డ్‌వేర్ షాపువాడు సరుకు అమ్మాలి కాబట్టి జాతుల వారీగా పెట్టుకుంటాడు. మనం పని చేసుకోవాలి. వంటింట్లో పోపుల పెట్టె చూడండి, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి దేని జాతి దానిదే, అయినా పోపు వేసేటప్పుడు అన్నీ కలిసి కావాలి కాబట్టి ఒకే పెట్టెలో ఉంటాయి.

పనిశాలలో కూడా అంతే. కుళాయి కారుతోందంటే పైప్ రెంచ్, టెఫ్లాన్ టేపు, రబ్బరు వాషర్లు, కుళాయి స్పిండిల్, హ్యాక్సా, పీవీసీ సొల్యూషన్ అన్నీ ఒకే బకెట్టులో ఉండాలి. ఆ బకెట్టు పట్టుకుని బాత్రూముకు వెళ్తే మళ్లీ షెడ్డుకు రావాల్సిన పని ఉండకూడదు. కరెంటు పనికి టెస్టర్, ఇన్సులేషన్ టేపు, వైర్ కట్టర్, కొన్ని స్విచ్చులు, హోల్డర్లు. చెక్క పనికి ఉలులు, చిత్రిక, రంపం, మూలమట్టం, ఫెవికాల్, గరుకు కాగితం. బండి పని, రంగుల పని, తోట పని కూడా ఇలాగే. మీ జాబితాలో ఎన్ని రకాల పనులుంటే అన్ని కుప్పలు. జాబితాలో లేని పనికి కుప్ప కూడా ఉండదు.

మరి అన్ని పనులకూ కావాల్సిన సుత్తి, కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్లు, కొలత టేపు సంగతి? వాటిని వేరే ఒక చిన్న కుప్పగా పెట్టండి. ఇవి గోడ మీదికి, చెయ్యి చాచితే అందే ఎత్తుకు వెళ్తాయి. ఒకే రకం నాలుగు దొరికితే బాగున్న రెండు ఉంచుకోండి. ఒకటి ఇక్కడ, ఇంకొకటి ఇంట్లో ఏదైనా సొరుగులో. ఇంట్లో ఒక స్క్రూడ్రైవర్ ఉంటే షెడ్డులోది తీసుకెళ్లి మర్చిపోవడం చాలావరకు తగ్గుతుంది.

సగంలో ఆగిన పనులు

ఏ షెడ్డులోనైనా జాగా తినేది ఇవే. పనిముట్లకు పట్టే చోటు నిజానికి తక్కువ. బుష్ పోయిన మిక్సీ జార్, ఊగే గేరు విరిగిన టేబుల్ ఫ్యాన్, నవారు తెగిన మంచం, స్టెబిలైజర్, చిన్నప్పటి సైకిలు... ఒక్కొక్కటీ బాగుచేద్దామనే పెట్టినవి. అందుకే పారేయాలంటే మనసు ఒప్పదు, బాగుచేయడానికి తీరిక దొరకదు. వీటి మీద ఎక్కువ సమయం పెట్టండి, తొందరపడకండి.

జపాన్ కార్ల ఫ్యాక్టరీల్లో పేరుపడిన 5ఎస్ అనే అయిదు మెట్ల సర్దుబాటు పద్ధతిలో మొదటి మెట్టు ఏరడమే. ఉంచాలా వద్దా అని అనుమానం ఉన్న వస్తువుకు అక్కడ ఎర్ర చీటీ కడతారు, దాని మీద తేదీ వేస్తారు, గడువులోగా దాని సంగతి తేలుస్తారు. మనకు సరిగ్గా కావాల్సింది ఇదే. ప్రతి వస్తువుకూ దారంతో ఒక చీటీ కట్టండి. చీటీ మీద నాలుగు సంగతులు రాయండి: ఏం పోయింది, ఏ భాగం కొనాలి, అది ఎక్కడ దొరుకుతుంది, బాగయ్యాక ఎవరు వాడతారు.

చివరి ప్రశ్నే అసలైనది. ఇంట్లో కొత్త మిక్సీ వచ్చేసి ఉంటే పాతది బాగైనా దాని కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక చిన్న సైకిలుకు టైరు వేసి ఏం చేస్తాం? బాగుచేయగల వీధి పిల్లాడికి ఇస్తే ఈ ఆదివారమే అది రోడ్డెక్కుతుంది. ఎవరు వాడతారో రాయలేని వస్తువును షెడ్డు నుంచి పంపేయండి. రాయగలిగినవాటికి మూడు నెలల తర్వాతి తేదీ వేయండి. వీటన్నిటికీ కలిపి ఒకే ఒక్క అర ఇవ్వండి. అది నిండితే, ఒకటి బయటికి వెళ్లాకే ఇంకొకటి లోపలికి.

ఒక మినహాయింపు. నాన్నగారి ఉలులో, తాతగారి బాడిసో ఉంటే వాటిని ఈ లెక్కలోకి తేకండి. పాత ఉలుల్లో ఉక్కు చాలాసార్లు ఇప్పుడు చవగ్గా దొరికేవాటికంటే మేలు. తుప్పు పట్టిందని పాత ఇనుము కుప్పలో వేయకుండా పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో పదును పెడదాం.

నట్లు, బోల్టులు, స్క్రూల డబ్బా

ప్రతి ఇంట్లో పాత పాలపొడి డబ్బా ఒకటి ఉంటుంది, నిండా మేకులు, స్క్రూలు, నట్లు. దాన్ని వెడల్పాటి పళ్లెంలోనో చాటలోనో గుమ్మరించండి. వంగిన మేకులు, తల అరిగిన స్క్రూలు మొదట ఏరేయండి. వాటిని దాచడంలో లాభం లేదు. తల అరిగిన స్క్రూ బిగించేటప్పుడు ఎలాగో బిగుస్తుంది, తీసేటప్పుడు రాదు.

చెక్క స్క్రూలను షాపులో అడిగే లెక్కలోనే వేరు చేయండి. 6 నంబరు లావు సుమారు 3.5 మిల్లీమీటర్లు, 8 నంబరు సుమారు 4.2. ఇంటి పనుల్లో ఎక్కువ వాడేది 8 నంబరే కాబట్టి దాన్ని పొడవుల వారీగా విడదీస్తే చాలు, మిగతావి నంబరుకు ఒక సీసా.

బోల్టులకు వెర్నియర్ కాలిపర్ (లావు కచ్చితంగా కొలిచే పనిముట్టు) ఉంటే మంచిది. మర ఉన్నచోట బయటి కొలత 6 మిల్లీమీటర్లుంటే ఎమ్6, దానికి 10 నంబరు స్పానర్. 8 ఉంటే ఎమ్8, 13 నంబరు స్పానర్. ఎమ్10కు మన దగ్గర ఎక్కువగా 17. ఇక్కడ ఒక చిక్కుంది. పాత వ్యవసాయ సామాన్లలో, పాత గేట్లలో అంగుళాల బోల్టులు దొరుకుతాయి. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, అంటే కొలతలో అచ్చం ఎమ్8 లాగే ఉంటుంది. కానీ మర వేరు. ఎమ్8కు మర మర మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, ఆ పాత అంగుళాల మరలో దాదాపు 1.4. అందుకే నట్టు ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. అప్పుడు స్పానర్‌తో బలవంతం చేస్తే రెండూ పాడవుతాయి. పరీక్ష సులువు: మంచి ఎమ్8 నట్టు ఒకటి పక్కన పెట్టుకోండి. వేళ్లతోనే చివరిదాకా తిరిగినవి ఒక సీసాలోకి, ఆగిపోయినవి "అంగుళం" అని రాసిన సీసాలోకి.

డ్రిల్ బిట్లను కూడా ఇప్పుడే విడదీయండి. కొసన వెడల్పాటి బాణం ములుకులా వేరే లోహం అతికించి ఉంటే అది గోడ బిట్టు. ఆ అతుకు లేని మామూలు మెలి బిట్టు ఇనుముకు. మధ్యలో సూదిమొన ఉంటే చెక్కకు. కలిసిపోయి ఉంటే హడావుడిలో ఇనుము బిట్టు గోడలోకి వెళ్తుంది, ఆ ఒక్క కన్నంతోనే దాని పదును పోతుంది. సీసాలు గాజువో, పారదర్శకమైన ప్లాస్టిక్‌వో అయితే చాలు. ఖాళీ పచ్చడి సీసాలు బాగా కడిగి, పూర్తిగా ఆరాక వాడండి. ఉప్పు తడి మిగిలితే స్క్రూలకు తుప్పు పడుతుంది.

సీసాలు, డబ్బాలు, బ్యాటరీలు

కూల్‌డ్రింక్ సీసాలో థిన్నరో, యాసిడో పోసి పెట్టి ఉంటే ఈరోజే దాని సంగతి చూడండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంతకంటే ప్రమాదం లేదు. మూత తీసి వాసన చూసి కనిపెట్టే ప్రయత్నం చేయకండి. ఏముందో తెలియకపోతే మూత గట్టిగా బిగించి, "విషం" అని పెద్దగా రాసి, మీ మున్సిపాలిటీలో ప్రమాదకర చెత్త తీసుకునే చోటు ఉంటే అక్కడ అప్పగించండి. కాలువలో పోయకండి.

బాత్రూములు కడిగే యాసిడ్ షెడ్డులో ఉంటే బయటికి పంపండి. మూత సరిగ్గా లేని ఆ సీసా నుంచి వచ్చే ఆవిరి గదిలో ఉన్న ఇనుమంతటికీ తుప్పు పట్టిస్తుంది. పనిముట్లకు ఎంత నూనె రాసినా తుప్పు ఎందుకు పడుతోందో అర్థం కాని చాలా షెడ్లలో కారణం ఇదే. థిన్నర్, టర్పెంటైన్, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదుగా పాకుతుంది. కాబట్టి గ్రైండర్, వెల్డింగ్ ఉన్న వైపు ఇవి ఉండకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, దాని దగ్గర కూడా నిప్పురవ్వలు పడకూడదు.

చెక్కకు అవిసె నూనె రాసిన గుడ్డలుంటే ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతటదే అంటుకోగలదు. బయట విప్పి పరిచి, పూర్తిగా ఆరాకే చెత్తలో వేయండి.

ఉండలు కట్టిన ఫెవికాల్, గట్టిపడిన ఎమ్‌సీల్, డబ్బాలోనే బిగిసిన పీవీసీ సొల్యూషన్ పారేయాల్సినవే. వేళ్లతో నలిపినా చిట్లని గడ్డలున్న సిమెంటు కూడా పనికిరాదు. పాత బ్యాటరీలను పాత సామాన్లవాడికి వేయకుండా బ్యాటరీ షాపులో ఇవ్వండి. వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. పైగా కొత్తది కొంటే పాతదానికి షాపువాళ్లు ధర కూడా తగ్గిస్తారు. ఉబ్బిన డ్రిల్ బ్యాటరీనో, ఫోను బ్యాటరీనో కనిపిస్తే గుచ్చకండి, నొక్కకండి. ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి, ఆరుబయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

పంపేయాల్సినవి

ఇనుము, ఇత్తడి, రాగి, అల్యూమినియం విడివిడిగా పెడితే పాత సామాన్లవాడు మంచి ధర ఇస్తాడు. రాగి తీగ కోసం వైరు కాల్చకండి, పీవీసీ పొగ విషం. భోగిమంటల్లో వేయడానికి రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ దాచుకోవద్దు. మామూలు కర్రలు ఉంటే సరిపోతుంది.

ఈ వారం మీరు చేయాల్సింది

ఒక గోడ పూర్తిగా ఏరండి. ఉంచాలనుకున్న కుప్పలను పాత అట్టపెట్టెల్లో వేసి, పైన పని పేరు రాయండి: "కుళాయి", "కరెంటు", "చెక్క". తర్వాత మీ జాబితాలోంచి ఒక పని తీసుకుని, ఒక్క అట్టపెట్టెతోనే పూర్తి చేసి చూడండి. మధ్యలో వేరే పెట్టె తెరవాల్సి వస్తే ఆ వస్తువు పేరు పెట్టె మూత మీద రాయండి. 4వ పాఠంలో అరల కొలతలు వేసేటప్పుడు ఆ మూతలు కావాలి, పారేయకండి.

తుప్పు పట్టిన పనిముట్లను ఒక పెట్టెలో వేరుగా ఉంచండి. 3వ పాఠానికి నిమ్మ ఉప్పు 250 గ్రాములు, కొంచెం వంటసోడా, పాత టూత్‌బ్రష్, మిషన్ నూనె సిద్ధం చేసుకోండి.