ఫ్లేవర్ ఎంత పోసినా రుచి రావట్లేదా? ముందు సీసా మీద కంపెనీ పేరు చూడండి

భారత్‌లో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. ఈ లెక్కలు బ్రిటన్‌లో సొంతంగా వేప్ లిక్విడ్ (ఈ-సిగరెట్‌లో పోసే ద్రవం) కలుపుకునేవాళ్ల కోసం.

సమస్య: లిక్విడ్ చప్పగా ఉంది, లేదా సెంటు పీల్చినట్టు గొంతులో ఘాటుగా తగులుతోంది

ముందు ఇంకో లిక్విడ్ పీల్చి చూడండి. అదీ చప్పగానే ఉంటే మీ నాలుక మొద్దుబారింది. ఒకటి రెండు రోజులు ఫ్లేవర్ మార్చండి, నీళ్లు బాగా తాగండి. మిగతావన్నీ బాగుండి ఇదొక్కటే తేడాగా ఉంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ఒకచోటే ఉంటుంది.

కారణం: పేరు ఒకటే, గాఢత వేరు

కపెల్లా, టీఎఫ్ఏ కంపెనీల పండ్ల ఫ్లేవర్లు చాలావరకు 5 నుంచి 8 శాతం దగ్గర సరిపోతాయి. ఇటలీ కంపెనీ ఫ్లేవర్‌ఆర్ట్ స్ట్రాబెర్రీకి 1 నుంచి 3 శాతం చాలు. ఫ్లేవరా కంపెనీవి ఇంకా గాఢం. రెసిపీలో ‘టీఎఫ్ఏ’ అని ఉంటే ‘ఎఫ్ఏ’ సీసా తెచ్చి అదే శాతం పోస్తారు. ఒక్క అక్షరమే తేడా, కానీ టీఎఫ్ఏ అమెరికాది, ఎఫ్ఏ అంటే ఫ్లేవర్‌ఆర్ట్. ‘టీపీఏ’ అని రాసి ఉంటే మాత్రం అది టీఎఫ్ఏనే. దయచేసి కలిపే ముందే ఈ అక్షరాలు చూసుకోండి.

ఫ్లేవర్ మితిమీరినా రుచి చప్పబడుతుంది. తక్కువైందనుకుని ఇంకొంచెం పోస్తారు, అది ఇంకా పాడవుతుంది.

ఏం చేయాలి: పారబోయకండి, పలచన చేయండి. 30 మి.లీ.లో 6 శాతం ఉంటే అసలు ఫ్లేవర్ 1.8 మి.లీ. దాన్ని 2 శాతానికి దించాలంటే మొత్తం 90 మి.లీ. కావాలి, అంటే ఫ్లేవర్ లేని బేస్ (ప్రొపిలీన్ గ్లైకాల్ అంటే పీజీ, వెజిటబుల్ గ్లిజరిన్ అంటే వీజీ కలిపిన ద్రవం) 60 మి.లీ. కలపాలి. మీది మి.లీ.కి 3 మి.గ్రా. నికోటిన్ ఉన్న లిక్విడ్ అయితే ఆ 60లో 50 మి.లీ. బేస్, 10 మి.లీ. నికోటిన్ షాట్ (మి.లీ.కి 18 మి.గ్రా. నికోటిన్ ఉన్న ద్రవం) ఉండాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ముందు 5 మి.లీ. లిక్విడ్‌కి, కలపాల్సిన దానిలో 10 మి.లీ. మాత్రమే కలిపి చూసుకుని, నచ్చితేనే మిగతాది కలపండి.

ఇకనుంచి చుక్కలు లెక్కపెట్టడం మానేయండి. సీసా మూతిని బట్టి చుక్క పరిమాణం మారుతుంది. 0.01 గ్రాము చూపే తూకం వాడండి.

కస్టర్డ్ రుచి రాకపోతే: రెండు మూడు వారాలు ఆగండి, పండ్ల ఫ్లేవర్లలా రెండు రోజుల్లో కుదరదు. కపెల్లా కస్టర్డ్‌లో వీ1, వీ2 కూడా ఒకటి కావు. వీ2లో వెన్న రుచినిచ్చే డైకీటోన్లు తీసేశారు, రుచి కాస్త తేడాగానే ఉంటుంది.

కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ) త్వరగా నల్లబడితే: స్వీట్‌నర్ తగ్గించండి. అందులోని సుక్రలోజ్ మాడి కాయిల్‌కి అంటుకుంటుంది.

ప్లాస్టిక్ ట్యాంక్ పగిలితే: దాల్చినచెక్క, నిమ్మజాతి ఫ్లేవర్లకు గాజు ట్యాంకే వాడాలి.

పాత వీజీ, చెడిన పీజీ లాంటివి అరుదు, వాటి వెంట పడకండి.

ఒక్కటి మాత్రం వదలకండి: లిక్విడ్ పైన నూనె తేలితే మీరు పోసింది మిఠాయిల్లో వాడే నూనె ఫ్లేవర్. నూనె ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పలచన చేసినా పనికిరాదు, మొత్తం పారేయండి.