మేత కంపెనీ సేల్స్ ఉద్యోగం: చేరేముందు అడగాల్సినవి, చేరాక చూసుకోవాల్సినవి

భీమవరం చుట్టుపక్కల ఫిషరీసో, ఎంబీఏనో చదివిన కుర్రాడికి సులువుగా దొరికే ఉద్యోగం రొయ్యల మేత కంపెనీలో సేల్స్. నేను ఉండి, ఆకివీడు, కాళ్ల లైన్లో ఈ పనే చేస్తున్నాను. చేరమంటావా అన్నా అని అడిగే తమ్ముళ్లకి చెప్పేదొకటే: అమ్మకానికి భయపడకండి, వసూలు సంగతి అడగండి. మేత అరువు మీద నడిచే వ్యాపారం. కంపెనీ డీలరుకిస్తుంది, డీలరు రైతుకిస్తాడు, రైతు పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక కడతాడు. మధ్యలో తిరిగేది మనం.

సీటీసీ (ఏడాదికి మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి పొంగిపోవద్దు. 6 లక్షలంటే నెలకి 50 వేలని ఇంట్లో చెప్పేస్తారు. అందులో కంపెనీ వాటా పీఎఫ్, వేరియబుల్ (టార్గెట్ కొడితేనే వచ్చే భాగం) కలిసే ఉంటాయి. ఫిక్స్‌డ్ ఎంత, చేతికెంత అని విడిగా అడగండి. ఇన్సెంటివ్ బిల్లు వేసినప్పుడా, డబ్బు జమయ్యాకా అన్నది అంతకన్నా ముఖ్యం. బండికి కిలోమీటరుకి ఎంతిస్తారో కూడా తేల్చుకోండి. చెరువు గట్ల మీద టైర్లు ఎన్నాళ్లు వస్తాయో హైదరాబాద్ హెచ్చార్‌కి తెలీదు.

మొహమాటపడి చాలామంది అడగని ప్రశ్న ఇంకోటుంది: ఈ ఏరియాలో పాత బాకీ ఎంత, అది ఎవరి నెత్తిన పడుతుంది? చేరిన వారంలోనే డీలర్లందరి దగ్గరా బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ (ఇంత బాకీ ఉన్నానని ఒప్పుకునే కాగితం) మీద సంతకం, స్టాంపు తీసుకోండి. "ఆ స్కీము క్రెడిట్ నోటు ఇంకా రాలేదండీ" (కంపెనీ ఇస్తానన్న తగ్గింపు ఖాతాలో పడలేదని) అనే మాట అప్పుడే బయటికొస్తే అది మీకు ముందు పనిచేసినాయన లెక్క. ఆరు నెలలాగితే మీ లెక్క.

డబ్బు ఎంత ఇరుక్కుంటుందో చూడండి. చెరువులో 4 టన్నుల రొయ్య తీయాలంటే, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టే మేత కిలోలు) 1.5 వేసుకున్నా 6 టన్నుల మేత కావాలి. 25 కిలోల బస్తాలు 240. కిలో 100 లెక్కన 6 లక్షలు, ఒక్క చెరువుకే. వైట్ స్పాట్ జబ్బు తగిలితే 100 కౌంటుకి (కిలోకి 100 రొయ్యలు తూగే సైజుకి) రాకుండానే పట్టేయాలి, నాలుగు టన్నులనుకున్నది ఒకటిన్నర అవుతుంది. ఆ వారం ఎవరూ ఫోనెత్తరు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరితే ఇక్కడ పెద్ద సైజు రొయ్యల ధర పడింది, సీడు (రొయ్య పిల్లలు) వేయడానికి రైతులు వెనకాడారు. నా టార్గెట్ మాత్రం తగ్గలేదు.

అందుకే డీలర్ని పెట్టేటప్పుడు షాపు ముందు బోర్డు చూడకండి. గోడౌన్ వెనక్కి వెళ్లి ఏ బస్తాలు కదులుతున్నాయో చూడండి. ఆయన కింద సొంత చెరువుల రైతులెందరు, లీజు రైతులెందరు అని గట్టు మీద టీ తాగుతూ అడిగితే ఊరే చెబుతుంది. సెక్యూరిటీ చెక్కులు మొదటి లోడుకి ముందే తీసుకోవాలి. లోడు దిగాక అడిగితే "నమ్మకం లేదా అండీ" అంటారు, ఆ మాటకి మన దగ్గర జవాబుండదు.

నెలాఖరున పైనుంచి ఫోనొస్తుంది, ఇంకో పది టన్నులు దింపమని. అడగని సరుకు దింపితే ఆ నెల గట్టెక్కుతారు. వానాకాలం గోడౌన్లో తేమకి బూజు పట్టిన బస్తాలు తర్వాత మీ ఖాతాకే తిరిగొస్తాయి. ఒకసారి కాదని చూడండి, అరుస్తారు, అంతే.

మరి నేనెందుకు ఉన్నానంటే, ఆఫీసు గోడల మధ్య కూర్చోలేను. పొద్దున్నే రాజుగారి చెరువు దగ్గర చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో తెలియడానికి నీళ్లలో దింపే పళ్లెం) ఎత్తి, మేత మిగిలిందో లేదో చూసి, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల సంగతి మాట్లాడుకోవడంలో ఉన్న సుఖం వేరు. నాలుగు పంటలు ఇలా తిరిగితే చదువులో రానిది వస్తుంది. మాలో కొందరు తర్వాత ల్యాబులు పెట్టుకున్నారు, కొందరు డీలర్లయ్యారు. సంక్రాంతికి పిలుపులకి లోటుండదు (భోజనం చేసి బాకీ అడగడం మాత్రం ఇప్పటికీ నాకు చేతకాదు, కనుమ వెళ్లాకే అడుగుతాను). ఇచ్చిన డబ్బు అడగడానికే సిగ్గుపడే స్వభావమైతే మాత్రం ల్యాబ్ టెక్నీషియన్‌గానో, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలోనో చూసుకోండి.

మానేసేటప్పుడు రాజీనామా మెయిల్ కొట్టకముందే డీలర్లందరి చేతా మళ్లీ బ్యాలెన్స్ మీద సంతకాలు పెట్టించుకుని ఫోటోలు తీసుకోండి. నోటీస్ పీరియడ్ మొదలయ్యాక ఆ కాగితాలు ఎవరూ తొందరగా ఇవ్వరు, ఆఖరి సెటిల్‌మెంట్ వాటి దగ్గరే ఆగుతుంది.