కస్టోడియన్‌ను మార్చే ముందు

అమెరికాలో పెట్టుబడి సలహా సంస్థలు కస్టోడియన్‌ను, అంటే క్లయింట్ల షేర్లూ నగదూ తన దగ్గర భద్రంగా ఉంచే సంస్థను, ఎంచుకునేటప్పుడు తరచుగా ట్రేడింగ్ ఫీజుతో మొదలుపెడతాయి. అంతకన్నా ముందు, ఖాతాలో ఊరికే పడి ఉండే నగదుకు ఎంత వడ్డీ ఇస్తారో అడగండి. క్లయింటు తెలియకుండా నష్టపోయేది అక్కడే.

తర్వాత మీ ఖాతాల్లో ఉన్నవన్నీ జాబితా రాసి కొత్త కస్టోడియన్‌కు పంపి, ఏవి యథాతథంగా వస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు ఖాతాలు బదిలీ చేసే ఏసీఏటీఎస్ (ACATS) వ్యవస్థలో కంపెనీ షేర్లయితే సాధారణంగా పూర్తి షేర్లే కదులుతాయి. 10.4 షేర్లుంటే 10 వస్తాయి, మిగతా 0.4 అమ్మి నగదుగా పంపుతారు. పన్ను వర్తించే ఖాతాలో లాభం ఉంటే దానికీ లెక్క చెప్పాలి. పాత సంస్థ సొంత ఫండ్లు కూడా చాలాసార్లు రావు.

బదిలీ తిరిగొచ్చేది ఎక్కువగా పేర్ల దగ్గరే. మన తెలుగువాళ్ల ఖాతాల్లో ఇది మరీ ఎక్కువ: ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట చివర, ఇంకోచోట పొడి అక్షరం. పాత స్టేట్‌మెంటులో ఉన్నట్టే ఫారం నింపండి. హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయిన క్లయింట్లుంటే, కొత్త కస్టోడియన్ భారత చిరునామాతో ఖాతా ఉంచుతారా అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి.

మొదట అయిదారు ఖాతాలే మార్చి చూడండి. కొన్న ధర వివరాలు షేర్ల తర్వాత కొన్ని రోజులకు వస్తాయి. అవి సరిచూసేదాకా ఏదీ అమ్మకండి.