చెన్నై వానల్లో ఊరికి బయల్దేరుతున్నారా?

దీపావళికి నెల్లూరో, విజయవాడో వెళ్దామనుకునే వేళకే చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. డిసెంబరు దాకా ఇదే వరస. తలుపుకి రెండు తాళాలు వేస్తాం, నగలు లాకర్లో పెడతాం. నీళ్ల వాల్వు ఎక్కడుందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

నన్నడిగితే వాన కంటే ముందు చూసుకోవలసింది ఇంట్లో పైపులనే. మూడో అంతస్తుకి వరద రాదు. కానీ వాష్‌బేసిన్ కింద కనెక్షన్ పైపు పగిలిందంటే పై ట్యాంకు ఖాళీ అవుతుంది, ఆటోమేటిక్ కంట్రోలర్ ఉన్నచోట మోటారు దానంతటదే మళ్లీ నింపుతుంది. సంపు అడుగంటేదాకా నీళ్లు మీ హాల్లోకి, అక్కణ్నుంచి కింది వాళ్ల సీలింగులోకి పోతూనే ఉంటాయి.

అందుకని ఫ్లాటు వాల్వు కట్టేయండి. అది పైపులు వెళ్లే డక్టులోనో, టెర్రస్ మీద ట్యాంకు దగ్గరో ఉంటుంది. బోరు నీళ్లకీ, మెట్రో వాటర్‌కీ (నగర నీటి బోర్డు ఇచ్చే నీళ్లు) వేరే లైన్లుంటే వాల్వులు కూడా రెండు. కట్టాక ఇంట్లో ట్యాపులన్నీ తిప్పి చూడండి. కాసేపటికి ధార పూర్తిగా ఆగాలి, ఆగకపోతే వాల్వు అరిగినట్టే. ఏళ్ల తరబడి కదలని వాల్వుని ప్రయాణం రోజు పొద్దున బలవంతంగా తిప్పితే విరిగి చేతికొస్తుంది. వారం ముందే ప్లంబర్‌ని పిలవండి. చూసిన ట్యాపులన్నీ మళ్లీ కట్టేయడం మర్చిపోవద్దు.

వాల్వు కట్టే వీలు లేకపోతే హెల్త్ ఫాసెట్, వాషింగ్ మెషీన్, వాటర్ ప్యూరిఫయర్‌లకి వెళ్లే ట్యాపులైనా ఒక్కొక్కటిగా కట్టండి. కనెక్షన్ పైపు నట్టు దగ్గర తుప్పు కనిపిస్తే మార్చేయండి. ఉప్పు బోరు నీళ్లున్న ఏరియాల్లో అది త్వరగా పాడవుతుంది.

బాల్కనీ నీళ్లు పోయే కన్నంలో ఆకులు, పావురాల ఈకలు తీసేయాలి. స్లైడింగ్ కిటికీల పట్టాలో ఉండే చిన్న కన్నాలూ అంతే.

వేళచ్చేరి, ముడిచ్చూరు లాంటి చోట్ల గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల సమస్య వేరు. డ్రైనేజీ నిండితే నీళ్లు గుమ్మం దాటి రావడానికి ముందే బాత్రూమ్ జాలీలోంచి పైకి తంతాయి. జాలీల మీద గుడ్డ కప్పి ఇసుక మూటలు పెట్టండి. పూర్తిగా ఆపవు, కాస్త ఆలస్యం చేస్తాయి. కాగితాలు అటక మీదికి ఎక్కించండి. ఫ్రిజ్ ఖాళీ చేసి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ కూడా విడిగా ఆపాలి, లేకపోతే మెయిన్ ఆపినా వైరింగులో బ్యాటరీ కరెంటు ఉంటుంది.

కారుని బేస్‌మెంట్‌లో వదలొద్దు. 2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే మునగకుండా జనం తెచ్చి ఆపిన కార్లు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద బారులు తీరాయి. నవ్వినవాళ్లున్నారు గానీ, మునిగిన ఇంజను రిపేరు బిల్లు చూసినవాళ్లు నవ్వరు.

రెండు రోజులకే కదా అనుకోకండి. 2021 నవంబరులో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర వరదకి రైలు కట్ట కొట్టుకుపోయి చెన్నై-విజయవాడ రైళ్లు ఆగిపోయాయి. పక్కింటి ఆంటీకి ఒక తాళంచెవి ఇచ్చి, వాల్వు ఎక్కడుందో చూపించి మరీ వెళ్లండి. కింది ఫ్లాటు వాళ్ల దగ్గర మీ నంబరుండాలి.

తిరిగొచ్చేసరికి నేల తడిగా ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ముట్టుకోవద్దు. వాల్వు తెరిచేటప్పుడు ఒక ట్యాపు తెరిచి ఉంచి మెల్లగా తిప్పండి, పైపులో గాలి పోతుంది.